ఏడో చెయ్యి

మూత 112వ రోజు

తిన్నవాళ్లు నూట ముప్పై ఒకరు. ఒళ్లు వేడిగా ఉందని గుమ్మం దగ్గరే తిప్పి పంపినవాళ్లు ఇద్దరు.

ఈ పుస్తకంలో రోజూ రాయవలసినవి ఈ రెండు అంకెలే. ఆరోగ్యశాఖ వాళ్లు ఫోన్ చేస్తే చదివి వినిపిస్తాను, అంతటితో సరి. పుస్తకం తెరిచి చూసినవాళ్లు ఇంతవరకూ లేరు. పేజీలో మిగిలిన చోటు ఊరికే పోతోంది. అందుకని ఇవాళ మధ్యాహ్నం నుంచి నా బుర్ర తొలుస్తున్న సంగతి అందులో రాసుకుంటాను.

భోజనాల వేళ అయిపోయాక ఓనరు అప్పలస్వామి గారు పిలిచి ఒక కాగితం చూపించారు. మా మెస్సులో పది చేతులకూ గత వారం వచ్చిన టిప్పుల పట్టీ అది. తొమ్మిది చేతులకు వచ్చింది కలిపినా ఏడో నంబరు చేతికి వచ్చినంత లేదు.

చేతులంటే కప్పు కింద పట్టాల మీద జరిగే ఇనప చేతులు. ఒక్కొక్కటీ రెండేసి గాజు గదులకు వడ్డిస్తుంది. వాటిని నడిపే సప్లయర్లు ఎవరిళ్లలో వాళ్లు కళ్లజోడు పెట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని కూర్చుంటారు. అక్కడ వాళ్లు గరిటె వంచితే ఇక్కడ చెయ్యి వంచుతుంది. గొంతు పోగొట్టే మూగజ్వరం మాటతోనే ఎక్కువగా అంటుకుంటుందని తేలాక గదుల్లో నోరు విప్పకూడదన్న రూలు వచ్చింది. తినేవాళ్లు కావలసింది బల్ల మీది అద్దంలో నొక్కుతారు, తింటారు, పోతూ పోతూ ఇష్టమైతే టిప్పు బొమ్మ నొక్కుతారు. ఆ డబ్బు ఆ చేతిని నడిపినవాళ్లకు పోతుంది. ఎవరికెంత వచ్చిందో పక్కవాళ్లకు తెలియదు.

ఏడో చెయ్యి లక్ష్మునాయుడు బాబాయిది. యాభై ఆరేళ్ల మనిషి. పందొమ్మిదేళ్ల కిందట నేను ఈ మెస్సులో సప్లయరుగా చేరినప్పుడు, ఒక్క చేతి మీద నాలుగు పళ్లేలు మోయడం నేర్పింది ఆయనే. ఇప్పుడు నేను సూపర్‌వైజరును.

మొన్న మూడో చెయ్యి రత్నకుమారి, సప్లయర్లందరి తరఫునా గంటకూలి పెంచమని కాగితం ఇచ్చింది. జ్వరం భయంతో ఊరికి మూత పెట్టకముందు సగం కూలితో, సగం టిప్పులతో వాళ్ల ఇళ్లు గడిచేవి. ఇప్పుడు ఆ రెండో సగం లేదు. ఓనరు గారు ఆ మాట ఎత్తి, కూలి పెంచితే మెస్సు మూసుకోవాల్సిందేనన్నారు.

"నాయుడికొచ్చినట్టు అందరికీ టిప్పులొస్తే ఈ గొడవుండదు కదా. ఆడేటి చేస్తన్నాడో కనిపెట్టు నీలవేణీ. కనిపెట్టి మిగతావోళ్లకి నేర్పు."

వారం రోజులు గడువిచ్చారు. ఆయన చెప్పకపోయినా కనిపెట్టేదాన్నే. అలాంటివి తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు.

మూత 113వ రోజు

తిన్నవాళ్లు నూట ఇరవై నాలుగు. తిప్పి పంపినవాళ్లు లేరు.

పొద్దున్నే చేపల బుట్టలు తీగ మీద కొండెక్కి వచ్చాయి. కింద రేవులో ఇవాళ వంజరం పడిందట. మా ఊరు మెట్టపట్నం రేవు వదిలి కొండ మీదికొచ్చి ఇన్నేళ్లయినా, తీగబండి ఆలస్యమైన రోజు ఊరంతా అన్నం ముందు నీరసంగానే కూర్చుంటుంది. ఇవాళ వేళకే వచ్చింది.

పదకొండింటికి తలుపులు తీసినప్పటి నుంచి ఏడో చెయ్యి కిందే నిలబడ్డాను. మొదట నాకు తోచింది నెయ్యి. బాబాయి చనువు కొద్దీ ఎక్కువ వేస్తున్నాడేమో అనుకున్నాను. గిన్నెలు ముందూ వెనకా తూకం వేశాను. అందరిలాగే వేస్తున్నాడు. తర్వాత అనుమానం గదుల మీదికి పోయింది. పదమూడూ పద్నాలుగూ కిటికీ పక్క గదులు. కిందికి సముద్రం కనిపిస్తుంది. నీళ్లు చూస్తూ తిన్నవాడికి చెయ్యి ధారాళం అవుతుందేమో. రేపు చేతులు మార్చి చూడాలి.

మూత 115వ రోజు

తిన్నవాళ్లు నూట నలభై. తిప్పి పంపినది ఒకరిని.

నిన్నా ఇవాళా బాబాయిని రెండో నంబరు చేతికి మార్చాను. అది వంటింటి గోడ పక్క, గాలి కూడా సరిగా ఆడదు. టిప్పులు ఆయన వెంటే ఆ గోడ పక్కకు వచ్చాయి. కిటికీ గదులు బోసిపోయాయి.

ఇక తినేవాళ్లనే అడగాలి. రోజూ ఒంటిగంటకు వచ్చే శ్యామలాంబ టీచరు కిటికీ గదిలోనే తింటారు. ఒకప్పుడు కింద పాత పట్నంలో హెడ్మిస్ట్రెస్. ఇవాళ ఆవిడ తినేసి బయటికొచ్చాక, వాకిట్లో ఆరడుగుల దూరంలో నిలబడి మాస్కులోంచే అడిగాను. నిన్నటి నుంచీ టిప్పు ఎందుకు మానేశారని.

ఆవిడ తిరిగి నన్నే అడిగారు. "నిన్నటి నుంచీ ఆ మనిషి ఎందుకు రావడం లేదు?"

ఏ మనిషన్నాను.

"ఏడో నంబరు లోపల మనిషి ఉండేవాడు కదమ్మా. గ్లాసు పెట్టే ముందు కొంచెం ఆగేవాడు, చెయ్యి వణికేది. నిన్నటి నుంచి మిషన్ను పెట్టినట్టున్నారు. మిషనుకి టిప్పెందుకు?"

పది చేతుల వెనకా పదిమంది మనుషులున్నారని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. గుమ్మం పక్కనున్న బోర్డు చూపించారు. 'మనిషి చెయ్యి తగలని భోజనం' అని దాని మీద పెద్ద అక్షరాలు. మూత పెట్టిన తొమ్మిదో రోజున, జనం భయపడి రావడం మానేస్తే, నేనే కుర్చీ ఎక్కి మేకు కొట్టి తగిలించిన బోర్డు.

మూత 116వ రోజు

తిన్నవాళ్లు నూట ముప్పై ఏడు. తిప్పి పంపినవాళ్లు లేరు.

బాబాయిని మళ్లీ ఏడో చేతికే మార్చాను. చేతులు అద్దెకిచ్చిన కంపెనీ తరఫున ఇమ్మానియేలు వారానికోసారి వచ్చి కీళ్లకు నూనె పెట్టి పోతాడు. పనిలో ఉండగా అడిగాను. మనుషులే నడుపుతున్నప్పుడు చేతులు మిషన్లలా ఎందుకు కదులుతాయని.

ఎవరి చెయ్యైనా కొద్దో గొప్పో అదురుతుందట. ఆ అదురును తీసేసి కదలికను నునుపు చేసే ఏర్పాటు ప్రతి చేతిలోనూ ఉందట. అయితే ఏడో చేతిలో అది పాడైందన్నమాట అన్నాను. అతను నిచ్చెన దిగి తన పలకలో చూశాడు. చాలాసేపు చూశాడు.

పాడవలేదు. ఏడో నంబరులో ఆ నునుపు ఎంత పెట్టగలమో అంతా పెట్టి ఉంది. బాబాయిని ఏ చేతికి మార్చినా, దానంతట అదే ఆ మనిషికి తగ్గట్టు పెరిగింది. అంతా పెరిగాక కూడా మిగిలిన వణుకే టీచరు గారికి కనిపించింది. అంటే అసలు వణుకు ఎంత ఉండాలి?

మూగజ్వరం వచ్చి తగ్గినవాళ్లలో కొందరికి చేతుల్లో వణుకు మిగిలిపోతోందని అందరికీ తెలుసు. చెయ్యి వణికేవాళ్లు తొడుగు వేసుకోకూడదని, వేడి సాంబారు దగ్గరికి రాకూడదని కంపెనీ కాగితంలో ఉంది.

"నానేటీ సూళ్లేదు," అన్నాడు ఇమ్మానియేలు పలక మూసి. "నువ్వు అడగనూ లేదు."

కానీ నేను అడిగాను. ఎల్లుండి ఓనరు గారికి జవాబు చెప్పాలి కూడా.

మూత 117వ రోజు

నాకు సెలవు. అంకెలు ఓనరు గారు ఫోన్లో చెప్పారు: నూట పందొమ్మిది, ఒకరు.

తూర్పు మెట్ల వీధికి వెళ్లాను. బాబాయిని చూసి నూట పదిహేడు రోజులైంది. నేను గేటు బయట, ఆయన వసారాలో. చిక్కిపోయాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు, సగం గాలే వస్తోంది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

దాచలేదు. డెబ్బై ఒకటో రోజున జ్వరం వచ్చిందట. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ పనిచేశాడు. ఇంట్లోనే కదా కూర్చుని చేసేది, ఎవరికీ అంటుకోదు, నాగా పెడితే కూలి పోతుంది. దుప్పటి కప్పుకుని, తొడుగు వేసుకుని వడ్డించాడట. అప్పటి నుంచే ఈ వణుకు. టిప్పులు పెరిగిందీ అప్పటి నుంచే. ఆ రెండిటికీ సంబంధం ఉందని ఆయనకు తోచలేదు.

నేను చెప్పి ఉండకూడదేమో. కానీ అడిగాడు, చెప్పాను. వణుకు చూసి మనిషి అని గుర్తుపట్టి ఇస్తున్నారని.

వీధిలో నీళ్ల బండి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

"ముప్పై ఏళ్ల పని కదా నీలమ్మా. ఇన్నాళ్లకి జనానికి నా వడ్డన తెలిసిందేమో అనుకున్నాను."

ఆయనే తేరుకుని, మిగతావాళ్లకు ఎంత వస్తోందని అడిగాడు. చెప్పాను. నమ్మలేక మళ్లీ అడిగాడు. తనకు ఇంత వస్తోంది కాబట్టి అందరికీ అంతే వస్తోందని, రత్నకుమారి ఊరికే గొడవ చేస్తోందని అనుకున్నాడట. కూలి పెంచమన్న కాగితం మీద పేరు కూడా ఇవ్వలేదు. పాత హాల్లో టిప్పులన్నీ ఒక ఇత్తడి బిందెలో పడేవి. అంట్లు తోమేవాళ్లతో సహా అందరం పంచుకునేవాళ్లం. అప్పుడు ఎవరికెంత అని అడగాల్సిన పని లేదు.

వస్తుంటే గేటు దాకా వచ్చాడు. నీ నోటితో ఓనరుకు చెప్పకు, సమయం చూసి నేనే చెప్పుకుంటానన్నాడు.

మూత 118వ రోజు

తిన్నవాళ్లు నూట ఇరవై తొమ్మిది. తిప్పి పంపినవాళ్లు ముగ్గురు.

ఓనరు గారికి సగమే చెప్పాను. జనం మన చేతుల్ని మిషన్లనుకుంటున్నారు, ఏడో చెయ్యి కొంచెం అదురుతుంది కాబట్టి దానిలో మనిషి ఉన్నాడని తెలుస్తోంది, అంతే అన్నాను. బోర్డు తీసేసి లోపల మనుషులున్నారని రాద్దామన్నాను.

ఆయన బోర్డు ఊసు విననే లేదు. బోర్డు తీస్తే జనం మళ్లీ భయపడతారట. కానీ అదురు సంగతి వినగానే ఆయన మొహం వెలిగింది. ఇమ్మానియేలుకు ఫోన్ చేసి, అన్ని చేతులకూ కొంచెం అదురు పెట్టమన్నారు. నునుపు చెయ్యగలిగినవాడు అదురు కూడా పెట్టగలడు కదా అని.

మూత 121వ రోజు

తిన్నవాళ్లు నూట యాభై రెండు. ఒకరిని తిప్పి పంపాను.

పది చేతులూ వణుకుతున్నాయి. చూస్తుంటే చిత్రంగా ఉంది. అన్నీ ఒకే తీరున, గ్లాసు దించే ముందు ఒకే చోట ఆగి, మూడుసార్లు అదిరి, దించుతాయి. టిప్పులు నిజంగానే పెరిగాయి. రత్నకుమారికి రెండు రోజుల్లో నెల రోజుల టిప్పు వచ్చింది.

సంతోషంగా ఉందా అని అడిగితే ఆ పిల్ల తిన్నగానే చెప్పింది. "నా చెయ్యి అదరదక్కా. ఎవరో నా చెయ్యి పట్టుకుని అడుక్కుంటున్నట్టుంది."

మూత 123వ రోజు

తిన్నవాళ్లు నూట పదహారు. తిప్పి పంపినవాళ్లు ఇద్దరు.

ఇవాళ ఒకేసారి రెండు జరిగాయి.

ఎదురు హోటల్లో చేతులు నడపడానికి అసలు మనుషులే లేరు, అన్నీ మిషన్లే. నిన్నటి నుంచి అవి కూడా వణుకుతున్నాయట. మా దగ్గర తిన్నవాళ్లెవరో చెప్పుంటారు. ఇక ఏ వణుకులో మనిషి ఉన్నాడో ఏ వణుకులో లేడో ఎవరికి తెలుస్తుంది? మధ్యాహ్నానికి మా పది చేతులకూ టిప్పులు పడిపోయాయి. ఏడో చేతికి కూడా. టీచరు గారు ఇవాళ టిప్పు నొక్కలేదు. బయటికొచ్చి నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు. అది మరీ బాధనిపించింది.

రెండోది, అయిదో చెయ్యి రసం వడ్డిస్తూ ఒకాయన మణికట్టు మీద ఒలికించింది. బొబ్బ ఎక్కింది. ఆ చేతిని నడిపేది రాజ్యలక్ష్మి. ఆ అమ్మాయి చెయ్యి బండలా ఉంటుంది, కంపెనీ పెట్టిన అదురే ఒలికించింది. ఓనరు గారు వెంటనే అదురు తీయించేశారు. అంతటితో ఆగలేదు. బొబ్బ ఎక్కినాయన ఫిర్యాదు చేస్తే కంపెనీ తప్పు మనదే అంటుంది, మన సప్లయర్ల చేతులు బాగున్నాయని రుజువు ఉండాలన్నారు. నూట ఇరవై ఏడో రోజున పదిమందీ మెస్సుకు వచ్చి చెయ్యి పరీక్ష ఇవ్వాలి. నిండు గ్లాసు పట్టుకుని వాకిట్లో ఇరవై అడుగులు నడవాలి. ఒలికితే పని లేదు.

నా చేత్తోనే అందరికీ కబురు పంపాను. ఏడో నంబరుకు పంపేటప్పుడు చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నేను ఊరుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదు.

మూత 127వ రోజు

తిన్నవాళ్ల లెక్క ఎలా రాయాలో తెలియడం లేదు. కూర్చున్నవాళ్లు పద్దెనిమిది మంది, వడ్డించింది మొదట ఎవరికీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పరీక్ష పదింటికన్నారు. తీగబండి ఆగిపోవడంతో కింది వీధుల వాళ్లు నడిచి ఎక్కారు, అందరూ చేరేసరికి పదకొండున్నర. అప్పటికే తలుపులు తీశారు. గాజు గదుల్లో జనం కూర్చున్నారు. నడిపేవాళ్లు వాకిట్లో ఉన్నారు కాబట్టి లోపల చేతులు కదలడం లేదు.

నూట ఇరవై ఏడు రోజుల తర్వాత పదిమందీ ఒకచోట కలవడం అదే మొదలు. ఆరడుగుల దూరంలో ముగ్గు వేసి గీసిన గుండ్రాల్లో నిలబడి, మాస్కుల్లోంచి ఒకరినొకరు కళ్లతో గుర్తుపట్టుకున్నారు. నీకెంత వస్తోంది, నీకెంత వస్తోంది అన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, వరసంతా పాకింది. ఓనరు గారు వచ్చేసరికి అందరికీ అందరి సంగతీ తెలిసిపోయింది.

మొదటి పేరు రాజ్యలక్ష్మిది. ఆ అమ్మాయి వంగేలోపే లక్ష్మునాయుడు బాబాయి తన గుండ్రంలోంచి బయటికొచ్చి బల్ల మీది గ్లాసు తీసుకున్నాడు. రెండు అడుగులు కూడా వెయ్యలేదు. నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఆ మిగిలిన గొంతుతో చెప్పాడు.

"డెబ్బై ఒకటో రోజు నాకు జొరమొచ్చింది బాబూ. తొమ్మిది రోజులు జొరంతోనే వడ్డించేను. నాగా పెడితే గింజల్లేవు. నా చెయ్యి ఇంతే. మిగతావోళ్లని నడిపించకండి."

ఓనరు గారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఆ తడి చెయ్యి వైపే చూస్తూ, మరి నాకెందుకు చెప్పలేదురా అన్నారు. చెబితే ఏం చేసేవాళ్లని రత్నకుమారి అడిగింది. తనకూ వచ్చిందట, తొంభయ్యో రోజున. అయిదు రోజులు. ఇంకో ఇద్దరు చేతులెత్తారు. పదిమందిలో నలుగురు జ్వరంతో పనిచేశారు. అన్ని రోజుల్లో నేను రోజూ ఈ పుస్తకంలో గుమ్మం దగ్గర తిప్పి పంపినవాళ్లను రాశాను. వడ్డించేవాళ్ల జ్వరం రాయడానికి ఇందులో గడి లేదు.

ఓనరు గారు మెట్టు మీద కూర్చుండిపోయారు.

గాజు గదుల్లోంచి జనం చూస్తున్నారు. మాటలు వినబడవు వాళ్లకు, మనుషులు కనిపిస్తారు. సప్లయర్ల చొక్కాలకు పరీక్ష కోసం నేనే గుచ్చిన నంబర్లు ఉన్నాయి. ఒకటి నుంచి పది దాకా. ముందు శ్యామలాంబ టీచరు లేచారు. వాకిట్లోకి వచ్చి ఏడో నంబరు ఎదుట నిలబడి నమస్కారం పెట్టారు. తర్వాత నాలుగో నంబరు దగ్గరికెళ్లి, పోయిన నెల కిటికీ గది ఖాళీ లేని రోజున నాకు చింతచిగురు పప్పు రెండోసారి అడక్కుండానే వేసింది నువ్వేనా అని అడిగారు. అవునంది ఆ అమ్మాయి. మనిషి అనుకోలేదమ్మా అన్నారు టీచరు గారు. ఆవిడ వెనక ఇంకో అయిదారుగురు వచ్చారు. మిగతావాళ్లు గదుల్లోనే ఉండిపోయారు. ఇద్దరు ఆకలేసి వెళ్లిపోయారు.

టీచరు గారు మెట్టు దగ్గరికి వచ్చి ఓనరు గారిని క్లాసులో లేపి అడిగినట్టు అడిగారు. మా దయతో పని లేకుండా వీళ్లకు కూలి ఇవ్వాలంటే, జ్వరం వస్తే పడుకోవడానికి కూడా కలిపి, భోజనం ధర ఎంత అవుతుంది?

ఆయన వేళ్ల మీద లెక్కేసి పద్నాలుగు రూపాయలు పెరుగుతుందన్నారు. అంత పెడితే జనం ఎదురు హోటల్‌కు పోతారన్నారు.

"కొందరు పోతారు," అన్నారు టీచరు గారు. "నేను రోజూ పది ఇస్తూనే ఉన్నాను. ఇంకో నాలుగు."

ఓనరు గారు అవునని అనలేదు. కాదనీ అనలేదు. లేచి లోపలికెళ్లి, మాస్కు బిగించి, చేతులు కడుక్కుని, కూర్చున్న వాళ్లకు తనే పళ్లేలు మోశారు. ఇరవై ఏళ్లయి ఉంటుంది ఆయన పళ్లెం మోసి. మూడో గదిలో పెరుగు ఒలికించారు. అది చూసి నవ్వినది బాబాయి ఒక్కడే.

మూత 128వ రోజు

తిన్నవాళ్లు తొంభై తొమ్మిది. తిప్పి పంపినది ఒకరిని.

బల్లల మీద టిప్పు బొమ్మ తీసేశారు. భోజనం మీద పద్నాలుగు రూపాయలు పెరిగింది. సప్లయర్లకు గంటకూలి పాత కూలీ టిప్పూ కలిపినంత. జ్వరం వస్తే అయిదు రోజులు కూలితో సెలవు. తొమ్మిది ఇవ్వమని రత్నకుమారి అడిగింది, అయిదు దగ్గర తెగింది. నెల రోజులు చూద్దామన్నారు ఓనరు గారు. గుమ్మం పక్క బోర్డు నేనే దించాను. ఎవరేమంటారో చూద్దామని దాని చోట పదిమంది పేర్లు, నంబర్లు రాసి పెట్టాను.

వేడి సాంబారు దగ్గర బాబాయికి పని లేదు. కంపెనీ కాగితం ప్రకారం అది తప్పదు. ఆయనకు పెరుగు, మజ్జిగ, పండు అప్పగించాం. పది చేతుల గదులన్నిటికీ చివరి వడ్డన ఆయనదే. ఇదివరకు ఆయనకు వచ్చేదానిలో ఇప్పుడు మూడో వంతు తగ్గుతుంది. ఆ సంగతి ముందే చెప్పాను. తెలుసులే అన్నాడు.

మూత 139వ రోజు

తిన్నవాళ్లు నూట ఎనిమిది. తిప్పి పంపినవాళ్లు లేరు. సెలవులో ఉన్న సప్లయర్లు ఒకరు: రాజ్యలక్ష్మి, జ్వరం, రెండో రోజు. ఈ మూడో అంకె నేను కలిపాను. ఆరోగ్యశాఖ ఆవిడ ఫోన్లో విని, అది మాకు అక్కర్లేదు కదా అంది. అయినా రాసుకోమన్నాను. రాసుకుంది.

జనం అయిదో వంతు తగ్గారు. రాత్రి భోజనాలు గంట ముందే కట్టేస్తున్నాం. ఎవరినీ పనిలోంచి తియ్యలేదు. ఓనరు గారు రోజూ ఉదయం ఎదురు హోటల్ వైపు చూసి నిట్టూరుస్తున్నారు. కొత్త కూలి మాత్రం వేళ తప్పకుండా ఇచ్చారు.

మూత 141వ రోజు

తిన్నవాళ్లు నూట పదమూడు. అందులో నేనొకదాన్ని.

పొద్దున్న బాబాయి ఫోన్ చేశాడు. టిప్పు ఉన్నప్పుడు, తప్పో ఒప్పో, ఏదో ఒకటి తెలిసేది. ఇప్పుడు గది ఖాళీ అవుతుంది, ఇంకొకరు వస్తారు, అంతే. బాగా వడ్డిస్తున్నాడో లేదో తెలియడం లేదట. కాస్త తడుముకుని అడిగాడు, ఒక్కరోజు తిని చెప్పగలవా అని.

పందొమ్మిదేళ్లలో ఈ మెస్సులో కూర్చుని తినలేదు నేను. డబ్బు కట్టి అయిదో గదిలో కూర్చున్నాను. పప్పూ కూరా రత్నకుమారి వేసింది. చెయ్యి నునుపుగా కదిలింది, కానీ ఆ పిల్ల పచ్చడి వేసే చోటు చూస్తే తనే అని తెలిసిపోయింది. ఎవరి వడ్డన వాళ్లదే. కింద నిలబడి చూస్తే తెలియలేదు గానీ విస్తరి ముందు కూర్చుంటే తెలుస్తోంది.

పెరుగన్నం వేళకు పట్టాల మీద ఇంకో చెయ్యి జరుగుతూ వచ్చింది. నేను నమలడం అయ్యేదాకా పైనే ఆగింది. తల ఎత్తకుండానే పెరుగు పడింది, నాకు కావలసినంత. ఉప్పు గిన్నె దగ్గరికి జరిగింది, నేను చెయ్యి చాచబోయే వైపుకే. వణుకు ఉంది. గరిటె అంచున పెరుగు ఒకసారి అల్లాడింది, పడలేదు. కాసేపటికి నాకు మజ్జిగ కావాలనిపించింది. అద్దం మీద నొక్కేలోపే గ్లాసు పక్కన ఉంది. తాగేసి లేచాను.

వాకిట్లోకి వచ్చి ఫోన్ చేశాను. తొడుగు తీస్తున్న చప్పుడు వినబడింది. ఏం చెప్పాలా అని ముందే అనుకుని పెట్టుకున్న మాటలు పక్కన పెట్టి, ఉన్నది చెప్పాను. మజ్జిగ కావాలని నాకు తెలిసేలోపే నీకు తెలిసింది బాబాయ్ అన్నాను.



"తొందరపడ్డానమ్మా," అన్నాడు. "నీకింకో ముద్దుంది. గ్లాసు సూసి లేచిపోయేవు."

మళ్లీ లోపలికి వెళ్లాను. విస్తరి ఇంకా తియ్యలేదు. ఒక అంచున పెరుగన్నం, సరిగ్గా ఒక ముద్ద, అలాగే ఉంది.